అక్కడక్కడ

పొద్దుగాల ఎనిమిదిన్నరకు
తహశీల్ ఆఫీసు వెనక, కానుగచెట్టుకు దూరంగ,
ముళ్లకంచె నడుమ నా డబ్బా.
గరాటు తీసి, సీసా ఎత్తి
గీతల గ్లాసులకు వంపుత.
పంతొమ్మిదేండ్ల సంది ఇదే నౌకరి:
వాన పడ్డంక కొలుచుడు.
పడకముందు చెప్పుడు నాది గాదు.

డిసెంబరు పేజీల కలానికి పనుండది.
సున్న, సున్న, సున్న.
ఒక్కనాడే కూసోని
వారం సున్నలు పెట్టిన పాపం గూడ నాకున్నది.
ఈసారి గా తిప్పలు లేదు.
నాలుగొద్దులాయె మొగులు కండ్లు తెరవక.
సముద్రంల ఏదో గుండమంట.
కనగల్లు యాడ, సముద్రం యాడ,
తడిసిన కొంగు మాత్రం
తెచ్చి మా వడ్లమీదనే పిండుతది.

గాలికి నా దగ్గర గ్లాసు లేదు.
చెవితోటే కొలుస్త.
జెండాగట్టెకు తాడు టకటక కొట్టుకుంటే పిల్లగాలి.
జిరాక్సు దుకాణం ఫ్లెక్సీ చిరిగితె నడీడు గాలి.
కొనుగోలు కేంద్రంల పట్టాలన్నీ
ఒక్కపారి లేశి పడ్డ చప్పుడైతే
ఇగ దానికి అంకె లేదు.

మొన్న పదకొండు పాయింటు నాలుగు.
నిన్న ఆరు.
రోడ్డు అవతల ఇంకో మిషిని ఉన్నది,
పిడికెడు గింజలు మింగి తేమ చెప్పేది.
పదిహేడు దాటొద్దు.
ఇరువై మూడని కక్కింది.
నా అంకె జిల్లాకు పోతది,
దాని అంకె అక్కడ నిలబడ్డోళ్ల మొఖాలమీదనే ఉంటది.

నిన్న మాపటిజాము సైదమ్మ వచ్చింది,
యూరియా సంచిని నెత్తికి కొప్పెర వేసుకొని.
ఫోను నా ముందల పెట్టి
'సదువు సారూ' అన్నది.
నన్ను సారంటే అటెండరు పానం జర పొంగుతది.
గొంతు సవరించుకొని చదివిన:
'రాగల నలభై ఎనిమిది గంటల్లో
ఈదురుగాలులతో కూడిన
తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు
అక్కడక్కడ కురిసే అవకాశం.'

'అక్కడక్కడ అంటే ఏ ఊరు?'

నవ్వబోయిన. ఆమె నవ్వలేదు.
'మా కుప్ప ఆడికి వస్తదా, రాదా?'

గోడమీది పటంల
తిప్పర్తి ఉన్నది, కట్టంగూరు ఉన్నది,
ఈగ వాలినంత మా కనగల్లు ఉన్నది.
అక్కడక్కడ లేదు.
చండూరు దిక్కు ఏరని పత్తి
నల్లబడ్డ నోరు తెరిచి ఇదే అడుగుతుండొచ్చు.
పూతకోసమని బత్తాయికి నీళ్లు బంద్ పెట్టి
చెట్టును ఎండగట్టినాయన
తాగొద్దంటె తాగితివని
దాన్నే తిడుతుండొచ్చు.

'పోనీ, రేపు తెరిపిస్తదా?'
నా రిజిస్టరుల రేపనే గడి లేదు.
నిన్న ఎనిమిదిన్నర నుంచి
ఇయ్యాల ఎనిమిదిన్నర దాకనే నా దునియా.
ఆ మాట ఎట్ల చెప్పాలో ఎతుక్కునేలోపు
సంచి సదురుకొని పోయింది.
గడప మీద ఆమె కాళ్ల నీళ్లు,
కొలువని నీళ్లు.

ఇయ్యాల గరాటు మూతిల
వడ్లగింజ ఒకటి ఇరికి ఉన్నది.
గాలి తెచ్చిందో, పిట్ట జారవిడిచిందో.
కొసకు తెల్లటి మొలక, సూదిమొనంత.
నా లెక్కల చెప్పాలంటె రెండు మిల్లీమీటర్లు.
అరచేతుల పెట్టుకొని చూస్తుండంగనే
రోడ్డు అవతల ఆ చప్పుడు,
అంకె లేని చప్పుడు.

గ్లాసు కంచెలనే పెట్టి ఉరికిన.
నీలిపట్టా తెరచాపలెక్క లేస్తున్నది.
మూడు మూలలకు మనుషులున్నరు:
సైదమ్మ, ఆమె కోడలు, హమాలీ లచ్చిరాం.
నాలుగోది గాలి చేతుల ఉన్నది.
గుంజుకున్న.
అంచు అరచేతిని కోసింది, ఇడువలే.
కుప్పమీద బోర్లా పడి పండుకున్న
ఇన్‌షర్టు తోటి.
పట్టా కింద వడ్లు వెచ్చగ ఉన్నయి,
జరం వచ్చిన పిల్లల లెక్క.
సైదమ్మ ఏమీ అడుగలేదు ఈసారి.
'కాలుతోటి తొక్కిపట్టు' అన్నది, గంతే.

ఇయ్యాల్టి కొలత: తొమ్మిది పాయింటు రెండు.
పక్కన రిమార్కుల గడిల,
పంతొమ్మిదేండ్లల మొదటిసారి రాసిన:
'గంటన్నర ఆలస్యం. గాలి.'